ఒక్కటే చోటు

నవంబరు వచ్చిందంటే వెర్నన్ షెడ్డు వదిలి బయటికి రాడు. ఏడాది పొడుగునా గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసిన యంత్రాలన్నిటినీ విప్పి సానబట్టేది ఆ నెలలోనే. ఆ ఆదివారం సాయంత్రం కూడా అదే పనిలో ఉన్నాడు. సానబట్టిన బ్లేడ్ల మధ్య పాత పేపరు ముక్క పెట్టి, చేత్తో నెమ్మదిగా తిప్పి చూశాడు. కాగితం ఎక్కడా నలగకుండా కసుక్కున తెగితే పని అయినట్టు. ఎడమ చివర తెగింది, మధ్యలోనూ తెగింది, కుడి చివరికి వచ్చేసరికి నలిగి మడత పడింది. "నీ దుంప తెగ!" అని రెంచి తీసుకుని మళ్ళీ వంగాడు.

తలుపు దగ్గర కూతురు నిలబడి ఉందని అతను చాలాసేపు చూసుకోలేదు. టెస్సా చేతిలో ఫోనుంది, ఒంటిమీద కోటు లేదు. బయట కాన్సస్ గాలి చెవులు కోసేస్తోంది.

"కోటేదే? జలుబు చేస్తే బుధవారం ముక్కు చీదుకుంటూ సంతకం పెడతావా?"

"బుధవారం లేదు నాన్నా."

"బుధవారం లేకపోవడం ఏమిటి? మంగళవారం తర్వాత తిన్నగా గురువారం వస్తుందా?"

ఆ పిల్ల నవ్వలేదు. "హార్లన్ యూనివర్సిటీ నుంచి కోచ్ ఫోన్ చేసింది. కొత్తావిడ. నాకు చోటు లేదంట."

వెర్నన్ రెంచి కింద పెట్టాడు. పెట్టి, అది సరిగ్గా లేదన్నట్టు మళ్ళీ తీసి పక్కన పెట్టాడు. "చోటు లేకపోవడం ఏమిటి? రెండేళ్ళ కిందటే మాటిచ్చారుగా?"

"ఇచ్చింది పాత కోచ్. ఆయన వేరే చోటికి వెళ్ళిపోయాడుగా. టీములో ఇకమీదట తొమ్మిదిమందికి మించి ఉండకూడదని రూలంట. ఈవిడ తనతో తెచ్చుకున్నవాళ్ళతో తొమ్మిదీ నిండిపోయాయంట. 'నీ ఆటంటే నాకెంతో ఇష్టం టెస్సా' అంది. రెండుసార్లు అంది."

"నువ్వేమన్నావు?"

"థాంక్యూ అన్నాను."

వెర్నన్‌కి ఒళ్ళు మండిపోయింది. థాంక్యూ ఏమిటి, థాంక్యూ! కానీ ఎవర్నని లాభమేముంది, అలా పెంచింది తనే. గెలిచినా ఓడినా టోపీ తీసి, చెయ్యి కలిపి, థాంక్యూ చెప్పి మరీ రమ్మన్నాడు. ఆరేళ్ళ వయసునుంచీ అదే పాఠం.

కాలేజీ గోల్ఫులో నోటిమాట సంగతి అందరికీ తెలిసిందే. పదహారేళ్ళ పిల్లని పిలుస్తారు, మైదానమంతా తిప్పి చూపిస్తారు, "నీ చోటు నీదే" అంటారు. కాగితం ఉండదు. కాగితమూ సంతకమూ హైస్కూలు ఆఖరి ఏడాది నవంబరులో, ఆ ఒక్క బుధవారం నాడు. ఈలోగా పిల్ల మాత్రం తక్కిన కోచ్‌లందరికీ తనే ఫోన్ చేసి, "నేను ఫలానా వారికి మాటిచ్చానండీ, క్షమించండి" అని చెప్పుకోవాలి. అది మర్యాద. అవతలివాళ్ళకీ ఆ మర్యాద ఉండాలని మాత్రం ఎవరూ అనరు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. టెస్సా నలుగురు కోచ్‌లకి అలా వద్దని చెప్పింది. నాలుగుసార్లూ పక్కనే నిలబడి చెప్పించింది వెర్ననే.

"అమ్మకి తెలుసా?"

"అమ్మ కేకు షాపులో ఉంది." టెస్సా ఫోను జేబులో దోపుకుంది. "మెరూన్ రంగు క్రీము నాన్నా. హార్లన్ రంగు. దాని మీద నా పేరు కూడా రాయిస్తోంది."

వెర్నన్ నూనె చేతులు గుడ్డకి తుడుచుకుని కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు. మేకుకి తగిలించిన తన కోటు తీసి ఆ పిల్ల భుజాల మీద వేసి, గుండీలు కూడా తనే పెట్టాడు.

*

సోమవారం ఆ ఇంట్లో ముగ్గురూ పనికీ బడికీ వెళ్ళకుండా వంటింట్లోనే కూర్చున్నారు. వెర్నన్ హార్లన్‌కి మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడుసార్లూ ఆఫీసులో ఎవరో అమ్మాయి తేనె పూసిన గొంతుతో, కోచ్ మీటింగులో ఉన్నారని చెప్పింది.

"మూడుసార్లు చేశావు, మూడుసార్లూ 'సారీ అండీ, మళ్ళీ నేనే' అంటూ మొదలెట్టావు," అంది అతని భార్య నొరీన్. ఆసుపత్రి వంటశాలలో నూట యాభై మందికి వండిపెట్టే మనిషి, చేతిలో గరిటె ఉన్నా లేకపోయినా ఊపుతూనే మాట్లాడుతుంది. "తప్పు వాళ్ళది, సారీ నీది. భలే మగాడివి."

"అయితే నువ్వు చెయ్యి."

"చేస్తే మన ముగ్గురి పరువూ తీస్తాను. అందుకే చెయ్యట్లేదు."

టెస్సా ఆ గొడవ విననట్టే తన పని తను చేసుకుంటోంది. తను వద్దన్న నాలుగు కాలేజీల పేర్లూ ఒక కాగితం మీద రాసుకుంది. ఒక్కోదానికీ ఫోన్ చేసి, "నమస్తే కోచ్, నేను టెస్సాని, చోటేమైనా మిగిలిందేమో కనుక్కుందామని" అంటోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ముగ్గురు లేదన్నారు. అందులో ఒకాయన అయితే టెస్సా ఎవరో గుర్తు తెచ్చుకోవడానికే రెండు నిమిషాలు తీసుకున్నాడు. ఆ పిల్ల ప్రతి పేరూ గీత గీసి కొట్టేసింది.

నాలుగోది ఓల్డెన్ కాలేజీ. చిన్నది, రెండు గంటల దూరం. అక్కడి కోచ్ బార్టన్ గొంతు వంటిల్లంతా వినిపించింది.

"టెస్సా! అయ్యో తల్లీ, వాళ్ళకేం పోయేకాలం! పదిరోజుల కిందట చెప్పి ఉంటే ఎగిరి గంతేసేవాణ్ణమ్మా. నా దగ్గరున్నది ఒక్కటే చోటు. అది బ్రీకి ఇచ్చేశాను. బ్రీ హోస్టెట్లర్, నీకు తెలిసే ఉంటుంది."

"తెలుసు కోచ్. చాలా మంచిది. మీ టీముకి బాగుంటుంది."

ఫోన్ పెట్టేసి, ఆ పేరు మీద కూడా గీత గీసింది. గీత తిన్నగా గీసింది.

బ్రీ ఎవరో వెర్నన్‌కీ తెలుసు. పాల ట్యాంకరు నడిపేవాడి కూతురు. కిందటి నెల పోటీల్లో టెస్సాతో కలిసి వానలో పద్దెనిమిది గుంటలూ ఆడింది. తండ్రి ఏనాడూ ఆట చూడ్డానికి రాలేదు, పాత ట్రక్కు తనే నడుపుకుంటూ వచ్చేది. ఆ రోజు వెర్నన్ తెచ్చిన గుడ్డు శాండ్‌విచ్‌లో సగం పెడితే, మొహమాటపడుతూనే రెండు ముద్దల్లో మింగేసింది. ఆకలి ఆపుకోలేక తిన్న తిండి అది. దెబ్బలు తక్కువైతేనే గెలిచే ఆ ఆటలో మాత్రం టెస్సా కన్నా ఎప్పుడూ నాలుగు దెబ్బలు వెనకే.

మధ్యాహ్నం బడిలో ఆటల మాస్టారు గిల్‌రాయ్ ఫోన్ చేశాడు. బుధవారం జిమ్ములో బల్ల మీద పరిచే గుడ్డ మెరూన్ రంగుదే గదా అని. ఈ ఏడాది కాలేజీ టీములకు వెళ్ళేది ముగ్గురు, వాళ్ళ ముందు వాళ్ళ కాలేజీ టోపీలు పెడతారు, పిల్లలు టోపీ పెట్టుకుని సంతకం చేస్తారు, ఊరంతా చూడ్డానికి వస్తుంది.

"ఇంకా ఆలోచించుకుంటోంది," అంది నొరీన్. "రంగు రేపు చెప్తాం."

ఫోన్ పెట్టి మొగుడి వైపు తిరిగింది. "పిల్లని పొమ్మన్నారని ఊరికెలా చెప్పను? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది."

"రేపటికి రంగు ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఏదో ఒక టీములో చోటు ఉంటేనే ఫీజు మాఫీ. అది లేకపోతే కాలేజీ లేదు, ఆటా లేదు. ఇంక మిగిలేది ఊళ్ళో సూపర్‌మార్కెట్టు కౌంటరు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. టెస్సా లేచి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలెట్టింది.

*

మంగళవారం పొద్దున్నే సానరాయి కొనాలని చెప్పి వెర్నన్ బండి తీశాడు. సానరాయి ఊళ్ళోనే దొరుకుతుంది. నొరీన్ ఆ మాట అనలేదు, ఫ్లాస్కులో కాఫీ మాత్రం నిండా పోసి ఇచ్చింది.

ఓల్డెన్‌లో కోచూ బార్టనే, వ్యాను డ్రైవరూ బార్టనే, కాలేజీకి ఉన్న తొమ్మిది గుంటల మైదానానికి పనివాడూ ఆయనే. వెర్నన్ వెళ్ళేసరికి అరవై దాటిన ఆ మనిషి మూడో గ్రీను మీద, అంటే గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి మీద, మోకాళ్ళ మీద కూర్చుని గుంట మారుస్తున్నాడు. గుంట ఎప్పుడూ ఒకేచోట ఉంటే చుట్టూ గడ్డి తొక్కుడికి చచ్చిపోతుంది. అందుకని కొత్తచోట తవ్వి, ఊడొచ్చిన మట్టిముద్దని గడ్డితో సహా పాత గుంటలో దింపుతారు. బార్టన్ దింపిన ముద్ద అరంగుళం పైకి లేచి ఉంది.

వెర్నన్ చూస్తూ ఊరుకోలేకపోయాడు. దండం కూడా పెట్టకుండా కూర్చుని, ముద్ద పైకి తీసి, అడుగున మట్టి కత్తితో గీకాడు. మళ్ళీ దింపి బూటుతో మెల్లగా అదిమాడు. ఇంకా కొంచెం ఎత్తుగా ఉందని తీసి మరికాస్త గీకాడు. అంచుల్లో నీళ్ళు పోసి అరచెయ్యి రాశాడు. అతుకు చేతికి తగల్లేదు.

"నీకు ఉద్యోగమిస్తాను, చేరతావా వెర్నన్?" అని నవ్వాడు బార్టన్.

"నాకొద్దు కోచ్. మా అమ్మాయికి ఇవ్వండి."

బార్టన్ నవ్వు ఆగిపోయింది. "నిన్ననే చెప్పాను కదయ్యా."

"చెప్పారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, అందుకని మళ్ళీ అడుగుదామని వచ్చాను."

"బ్రీకి మాటిచ్చాను."

"నోటిమాటేగా."

అనేశాక గానీ తన నోట్లోంచి ఏం వచ్చిందో వెర్నన్‌కి తెలియలేదు. చెవులు వేడెక్కాయి. బార్టన్ లేచి మోకాళ్ళ మట్టి దులుపుకున్నాడు. ఒక మోకాలు దులుపుకుని, రెండోది మరిచిపోయాడు.

"హార్లన్‌వాళ్ళు మీ పిల్లకి చేసింది, నన్ను వేరేవాళ్ళ పిల్లకి చెయ్యమంటున్నావు. అంతేగా?"

"అంతే కోచ్."

"సిగ్గులేదా నీకు?"

"ఉంది. దారంతా దాంతోటే వచ్చాను." వెర్నన్ తల ఎత్తలేదు. "బ్రీ కాగితం వెళ్ళిపోయిందా?"

"రేపు మధ్యాహ్నం కదా."

"మా టెస్సా రౌండుకి నాలుగు దెబ్బలు తక్కువలో ముగిస్తుంది. ఆ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు."

బార్టన్ జెండా కర్ర తీసుకెళ్ళి కొత్త గుంటలో నిలబెట్టాడు. తిన్నగా ఉందో లేదో నాలుగు పక్కలా తిరిగి చూశాడు. వెర్నన్ ఆయన వెనకే తిరిగాడు. చివరికి ఆయన ఆ కర్రతోటే అన్నట్టు అన్నాడు: "అమ్మాయిల టీము పదకొండేళ్ళుగా ఏదీ గెలవలేదు. వచ్చే ఏడు కూడా ఇంతే అయితే టీము ఎత్తేస్తామంటున్నారు పైవాళ్ళు. ఉన్న ఆరుగురూ రోడ్డు మీద పడతారు."

వెర్నన్ కత్తికి అంటిన మట్టి తుడిచి ఆయన చేతికిచ్చాడు.

"ఇంటికెళ్ళు వెర్నన్. ఆ పిల్లతో నేను మాట్లాడతాను."

"ఏమని చెప్తారు?"

"అది కూడా నువ్వే చెప్పిపెట్టు, ఓ పనైపోతుంది!" అని కసురుకుని, పనిముట్లు బండిలో వేసుకుని నాలుగో గ్రీను వైపు వెళ్ళిపోయాడు.

వెర్నన్ అనుకున్నది సాధించాడు. తిరుగుదారిలో సంతోషం కోసం వెతుక్కున్నాడు, దొరకలేదు. కోసేసిన జొన్నచేల మధ్య ఎదురుగా పాల ట్యాంకరు ఒకటి వచ్చింది. అక్కడి అలవాటు కొద్దీ పలకరింపుగా స్టీరింగు మీంచి రెండు వేళ్ళు పైకి లేపాడు. ట్యాంకరు డ్రైవరూ రెండు వేళ్ళు లేపి నవ్వుతూ సాగిపోయాడు. ఎవరో ఏమో. ఆ ప్రాంతంలో పాల ట్యాంకర్లు పాతిక తిరుగుతాయి.

*

సాయంత్రం ఆరింటికి బార్టన్ ఫోన్ చేశాడు. టెస్సా విన్నంతసేపూ "సరే కోచ్, సరే కోచ్" అంది. పెట్టేశాక కెవ్వున కేక పెట్టింది.

"చోటు ఖాళీ అయిందంట! ఓల్డెన్‌లో! అమ్మా, ఆకుపచ్చ! ఓల్డెన్‌ది ఆకుపచ్చ!"

నొరీన్ అప్పటికే కేకు షాపుకి ఫోన్ కలుపుతోంది. "మెరూన్ గీకి పారేసి ఆకుపచ్చ పూయండి. పూయలేమంటే నేనే వచ్చి పూస్తాను!" అంటూ ఏడుస్తోంది, నవ్వుతోంది. టెస్సా వచ్చి తండ్రి మెడ పట్టుకుని ఊగింది. రెండు రోజులుగా తిండి మానేసిన పిల్ల నిలబడే మూడు రొట్టెలు తినేసింది.

నాలుగో రొట్టె చేతిలోకి తీసుకుని ఆగింది. "మరి బ్రీ?"

"ఏమో," అన్నాడు వెర్నన్. "ఇంకెక్కడో ఇంతకన్నా మంచి చోటు వచ్చి ఉంటుంది."

"కోచ్ చెప్పలేదు. ఉండు, దాన్నే అడుగుతాను." రొట్టె నోట కరుచుకుని రెండు చేతులతో మెసేజీ కొట్టింది. నువ్వెక్కడికి వెళ్తున్నావే అని.

ఆ రాత్రి జవాబు రాలేదు.

*

బుధవారం జిమ్ములో కుర్చీలు నిండిపోయి జనం గోడల వెంట నిలబడ్డారు. బల్ల మీద మూడు రంగుల గుడ్డలు, మూడు టోపీలు. మొదట ఫుట్‌బాల్ కుర్రాడు, తర్వాత పరుగుపందాల కుర్రాడు టోపీలు పెట్టుకుని సంతకాలు చేశారు. నొరీన్ ముందు వరసలో కేకు పక్కనే కాపలా కూర్చుంది. వెర్నన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని పక్క తలుపు దగ్గర గోడకి ఆనుకున్నాడు. టెస్సా అతని పక్కనే తన వంతు కోసం నిలబడి ఉంది.

గిల్‌రాయ్ మైకు అందుకున్నాడు. "టెస్సాని పిలిచే ముందు ఒక్కమాట. ఓల్డెన్ కోచ్ పొద్దున నాతో చెప్పారు. మన టెస్సాకి జరిగిన అన్యాయం విని, పక్క జిల్లా అమ్మాయి, బ్రీ అని, తనకొచ్చిన చోటు తనే వదులుకుందట! 'టెస్సా నాకన్నా బాగా ఆడుతుంది, ఆమెకే ఇవ్వండి' అందట! ఆటంటే ఇదర్రా! పిల్లలంటే వీళ్ళు!"

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల వేశారు. ముందు వరసలో నొరీన్ చేతిగుడ్డ కళ్ళకి అడ్డం పెట్టుకుంది. వెర్నన్ చేతులు కూడా కదిలాయి. కోచ్ ఎదురుగా కూర్చుని 'నీ ఇష్టం' అంటే పదిహేడేళ్ళ పిల్ల ఏమంటుంది? ఆ సంగతి ఈ జిమ్ములో ఇంకెవరికైనా తోచిందేమోనని మొహాలు వెతికాడు. అందరి కళ్ళూ చెమ్మగిల్లి ఉన్నాయి.

టెస్సా జేబులోంచి ఫోను తీసింది. జవాబు వచ్చి ఉంది. ఆ చప్పట్లలోనే చదివింది, మొహంలో రంగు పోయింది. ఫోను తండ్రి చేతికిచ్చింది.

'రాత్రి కోచ్ మా ఇంటికొచ్చారు. మీ నాన్న అంతదూరం వచ్చి బతిమాలాడటగా. మీ నాన్న బంగారం టెస్సా, మా నాన్నయితే ఊళ్ళోనే లేడు, పాలబండి మీదున్నాడు. నీ ఇష్టం బ్రీ అన్నారు కోచ్. నేను సరే అన్నాను. ఇంకేమంటాను? నువ్వేం బాధపడకు. జనవరి నుంచి పాల ఫ్యాక్టరీలో చేరతా. బాగా ఆడు.'

వెర్నన్ రెండుసార్లు చదివాడు. మూడోసారి చదువుతున్నట్టు నటించాడు, తల ఎత్తాల్సి వస్తుందని.

"టెస్సా! రా తల్లీ!" అని మైకులో గిల్‌రాయ్.

"నాన్నా." ఆ పిల్ల అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. కోపం లేదు గొంతులో, తొందర ఉంది. "ఇప్పుడు నేను వద్దంటే, ఆ చోటు బ్రీకి తిరిగి వస్తుందా?"

కాగితాలు వెళ్ళేది మధ్యాహ్నం. గోడ గడియారంలో ఇంకా పదకొండు కాలేదు. బార్టన్ నంబరు వెర్నన్ జేబులోని ఫోనులోనే ఉంది. వస్తుందో రాదో అతనికి తెలియదు. ఒక్క నిమిషం బయటికి వెళ్ళి అడిగితే తెలుస్తుంది.

"రాదమ్మా," అన్నాడు.

"నిజంగా?"

"పేరు మార్చేశారు. ఇంక మార్చరు."

టెస్సా అతని కళ్ళలోకి చూసింది. ఫోన్ చేసి కనుక్కో నాన్నా అంటే చేసేవాడే, తప్పించుకునేవాడు కాదు. అనమ్మా, అను, అని మనసులో ఆ పిల్లనే బతిమాలుకున్నాడు. ఆ పిల్ల అనలేదు. చొక్కా వదిలేసి, జనం మధ్య నుంచి నడిచి వెళ్ళి, బల్ల ముందు కూర్చుని ఆకుపచ్చ టోపీ పెట్టుకుంది.

ఫొటో తీసేవాడు నవ్వమన్నాడు. నవ్వింది. కాగితం మీద తన పేరు పూర్తిగా, అక్షరం అక్షరం విడివిడిగా రాసింది. అందరూ మళ్ళీ లేచి చప్పట్లు కొడుతుంటే వెర్నన్ కూడా గోడ దగ్గరే నిలబడి కొట్టాడు.